ముప్పై ఒక్కరాయి, నలభై ఒక్కరాయి

పైపుల ట్రాక్టరు ఇంటి ముందు ఆగేటప్పటికి అమరావతి టమేటా నారుకు నీళ్ళు చల్లుతోంది. మదనపల్లె నర్సరీ నుంచి తెచ్చి పన్నెండు రోజులైంది. ట్రేలలో ఇమడలేక మొక్కలు పక్కలకు వాలుతున్నాయి. ఇంకో వారంలో నేలలో పడకపోతే కాడ ముదిరి, నాటినా పనికిరాకుండా పోతుంది. పొద్దున లేచి బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం, వెంటనే వచ్చి ఈ కాడలు పట్టి చూడటం ఆమెకు అలవాటైపోయింది. రెండింటిలో ఏది కాస్త వాడినట్టు కనిపించినా ఆ రోజంతా ముద్ద దిగదు.

మగ్గు కింద పెట్టి, నాలుగేళ్ళ భవ్యను చంకనేసుకుని ట్రాక్టరు దగ్గరికి వెళ్ళింది. పైన నిలబడి బావ మునిశేఖర్ పైపులు అందిస్తున్నాడు. కింద డ్రైవరు ఒక కొస పట్టుకుంటున్నాడు. రెండో కొస పట్టుకుందామని అమరావతి చెయ్యి చాచింది. మునిశేఖర్ ఆ చేతిని చూశాడు. చూసి, పైపు వదిలేశాడు. అది నేలకు కొట్టుకుని ఎగిరి ఆమె పాదాన్ని రాసుకుంటూ పోయింది.

"మా, నీ కోడల్ని లోపలికి పొమ్మను. కాలిరిగితే నా తమ్ముడు కుప్పం నుంచి నామీదికొస్తాడు," అన్నాడు, వాకిట్లో చేట పట్టుకుని కూర్చున్న తల్లి ఆదెమ్మతో.

తమ్ముడి పెండ్లాంతో నేరుగా మాట్లాడకూడదని ఆ ఇంట్లో పద్ధతి. ఆమెకు చెప్పాల్సిందంతా మునిశేఖర్ తల్లికి చెబుతాడు. తల్లి లేకపోతే ఆవుకి, ఆవు కూడా లేకపోతే గోడకి. తిట్టడానికి మాత్రం ఆ పద్ధతి ఎన్నడూ అడ్డం రాలేదు.

అమరావతి లోపలికి పోలేదు. తలుపు దగ్గర నిలబడి దిగే పైపులను మనసులో లెక్కపెట్టింది. ఇరవై ఆరు. ఒక్కోటి ఇరవై అడుగులు.

మామ ఓబులప్ప తిన్నె మీద కూర్చుని కట్టెను మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. పొలం ఇంకా ఆయన పేరు మీదే ఉంది, సబ్సిడీ పైపులూ ఆయన పేరు మీదే వచ్చాయి. కొడుకులిద్దరూ మాత్రం పొలాన్ని నోటి మాట మీద పంచుకున్నారు. నడుమ దీర్ఘచతురస్రంగా ఉండే సొప్ప చేను మునిశేఖర్‌ది, అతని ఆవుల మేతకు. దాని పైమూలన బోరు. ఆ మూలకు సరిగ్గా ఎదురు మూల దాటితే అమరావతి భర్త మహేష్ వంతుకు వచ్చిన దిగువ కయ్య, ఆమె నారు నాటాల్సిన మడి. బోరుకు అవతల మునిశేఖర్‌దే మిట్టచేను.

"గెనిమ గట్టు మీదనే తిప్పుకోని పోవల్ల," అన్నాడు మునిశేఖర్ ట్రాక్టరు దిగి చేతులు దులుపుకుంటూ. "ముప్పై ఒక్కరాయి కిందికి, నలభై ఒక్కరాయి అడ్డంగా. రెండూ కలిపితే ముప్పై ఆరు పైపులు కావల్ల నాయినా. వచ్చింది ఇరవయ్యారు. దిగువ కయ్యకి చాలవు. మిట్టచేనికి ఏసుకుంటా."

ఆ ఊళ్ళో చేనిని ఎకరాల్లో చెప్పేది కాయితాల మీదే. నోటితో చెప్పేటప్పుడు కంచె రాళ్ళతో చెబుతారు. పది అడుగులకొక రాయి. సొప్ప చేను గట్టు మీద పైనుంచి మూల దాకా ముప్పై ఒకటి, మూల నుంచి దిగువ కయ్య దాకా నలభై ఒకటి. చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చిన లెక్క.

"అది రెండు పక్కలా చుట్టుకోని పోతే కదా మామా," అంది అమరావతి తలుపు వెనక నుంచి. గొంతు తనదేనా అన్నట్టు వినిపించింది. "మూలకి మూల, ఏటవాలుగా ఏస్తే? చాలతాయేమో."

మునిశేఖర్ తల్లి వైపు తిరిగాడు. "ఏమో అంట. ఏమో అంటే ఎట్ల తెలుస్తాది మా? నిలువెత్తు సొప్ప ఉండాది ఆడ. ఎవురన్నా దాంట్లో దూరి తొక్కినారంటే కాళ్ళిరగ్గొడతా. ముందే చెప్తాండా."

"సదువుకునే బిడ్డ కదప్పా, పుస్తకంలో కొలస్తాదిలే," అంది ఆదెమ్మ చేట ఆపకుండా. అమరావతి ఆగిపోయిన పదో తరగతి పరీక్షకు బడికి పోకుండానే ఫీజు కట్టి ఆదివారాలు మదనపల్లె క్లాసుకు పోవడం మొదలుపెట్టినప్పటి నుంచి, అత్త నోట చదువు అనే మాట అన్నంలో రాయిలా వస్తోంది.

ఓబులప్ప కట్టెతో నేల మీద రెండుసార్లు తట్టాడు.

"సోమారం పొద్దున జేసీబీ వస్తాది. అది వచ్చేలోపల చెప్పల్ల. మూలకి మూల ఇరవయ్యారు పైపులు చాలేటట్టయితే దిగువ కయ్యకే ఏస్తాం. కాలవ మూడడుగుల లోతు తీసి పూడిస్తే మీద మడకతో దున్నుకోవచ్చు, చేనికేం నష్టం లేదు. చాలకపోతే మిట్టచేనికి. నీళ్ళు పారని కయ్య ఊరకే పెట్టుకోని ఏం చేస్తారు, అది కూడా పెద్దోడికే పంటలో పాలుకి కోరుకిస్తా. మల్ల ఎవురూ నోరెత్తకూడదు."

మునిశేఖర్ నవ్వలేదు. నవ్వాల్సిన అవసరం లేనట్టు పైపులను గోడ వారగా దొర్లించసాగాడు.

శనివారం పొద్దున వంట ముగించి అమరావతి రాళ్ళ వెంట నడిచింది. భవ్య రాత్రంతా దగ్గింది. చంకలో వెచ్చగా ఉంటే అది జ్వరమా ఎండా అని ప్రతి పది అడుగులకూ మెడ కింద చెయ్యి పెట్టి చూసుకుంటూ నడిచింది. బోరు దగ్గరి రాయిని అరచేత్తో తాకి ఒకటి అంది. తర్వాతి రాయికి రెండు. తీగ తుప్పు చేతికంటింది. మూల రాయికి వచ్చేసరికి ముప్పై ఒకటి. అక్కడ మళ్ళీ ఒకటి మొదలుపెట్టి అడ్డం వరసలో నడిచింది. దిగువ కయ్య మూలకు నలభై ఒకటి. ఊరంతా అనే లెక్కే.

మూల రాయి దగ్గర నిలబడి రెండు వరసలూ చూసింది. కంచె వేసిన రోజు మేస్త్రీ ఈ మూలలో మూలమట్టం పెట్టి దారం లాగాడని మామ ఎన్నోసార్లు చెప్పాడు. అంటే లంబకోణమే. నడుమ సొప్ప గాలికి అటూ ఇటూ ఊగుతోంది. దాని వెనక ఎక్కడో కనపడకుండా ఆ మూడో గీత ఉంది.

ఇంటికొచ్చి బిడ్డను పడుకోబెట్టి, గ్రాఫు పుస్తకంలో కొత్త పేజీ తీసింది. ఒక గడికి పది అడుగులు. కింద అడ్డగీత, ఎడమ నిలువు గీత. నిలువు భుజం మూడువందల పది, అడ్డ భుజం నాలుగువందల పది. ఏటవాలుది కర్ణం. రెండు భుజాల వర్గాలు కూడితే కర్ణం వర్గం. పదేళ్ళ కిందట నేర్చుకున్నది ఈ ఒక్కటీ ఎందుకో మరిచిపోలేదు. మూడువందల పదిని దానితోనే గుణించింది, నాలుగువందల పదిని దానితోనే గుణించింది, కూడింది. రెండు లక్షల అరవై నాలుగు వేల రెండువందలు. ఇప్పుడు ఏ సంఖ్యను దానితోనే గుణిస్తే ఇది వస్తుంది? ఐదువందల పది చూసింది, తక్కువ. ఐదువందల ఇరవై, ఎక్కువ. పదిహేను, ఎక్కువ. పద్నాలుగు పెట్టి గుణించి, కింద గీత గీసి, పోల్చుకుంది. నాలుగే తేడా.

ఐదువందల పద్నాలుగు. పైపులు ఇరవయ్యారు ఇరవైలు, ఐదువందల ఇరవై.

ఆరడుగులు మిగులుతాయి!

భర్తకు ఫోన్ చేసింది. కుప్పంలో గ్రానైటు పాలిషు పెట్టేచోట మహేష్ పని. వెనక మిషను రాయిని కోస్తున్న మోతలో అతని మాట తునకలు తునకలుగా వచ్చింది.

"చాలతాయి. నేను లెక్కగట్టినా."

"ఎవురు కట్టమన్నారు నిన్ను?"

"మామే కదా చెప్పమనింది."

"చూడు, నేను ఈడుండా, నువ్వు ఆడుండావు. అన్నతో పెట్టుకుంటే రేపు బిడ్డకి జొరమొస్తే బండెక్కించుకోని పోయేదెవురు? ఊరకుండు." మిషను మోత పెరిగింది. "ఊరకుండు మే," అని ఇంకోసారి అరిచి పెట్టేశాడు.

ఆ భయం ఆమెకు లేనిది కాదు. అయినా సాయంత్రం ఆవుల పాలు పిండి మునిశేఖర్ క్యాన్లు తిన్నె మీద పెట్టినప్పుడు, పుస్తకం తీసుకుని మామ ముందు నిలబడింది.

"ఐదునూర్ల పద్నాలుగు అడుగులు మామా. పైపులు ఐదునూర్ల ఇరవై ఉండాయి."

ఓబులప్ప పుస్తకంలోకి చూడలేదు. పెద్దకొడుకు వైపు చూశాడు. మునిశేఖర్ క్యాను మూత బిగిస్తూ, వేళ్ళు కూడా మడవకుండా చెప్పాడు.

"మా, పైపుకి పైపు ఒగదాంట్లో ఒగటి దూర్చాల్నా, కొసకి కొస ముద్దు పెట్టించాల్నా? అడుగు నీ కోడల్ని. జాయింటుకి బెత్తెడు, నాలుగంగుళాలు పోతాది. ఇరవై ఐదు జాయింట్లు. ఎనిమిదడుగులు పాయ. బోరు కాడ పైపు మెడ వంచి తిప్పేదానికి ఐదడుగులు పాయ. మిగిలింది ఐదునూర్ల ఏడు. ఆమె నోటితో ఆమే చెప్పింది ఐదునూర్ల పద్నాలుగని." క్యాను ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. "ఏడడుగులు తక్కువ."

"ఏడడుగులు తక్కువైన సదువు," అంది ఆదెమ్మ.

పాల క్యాను బండి మీదికి ఎక్కిన చప్పుడయ్యే దాకా అమరావతి అక్కడే నిలబడింది. జాయింట్లు అతని రోజువారీ పని. చుట్టుపక్కల ఊళ్ళకు పైపులు అతికించి పెడతాడు. అతను చెప్పింది తప్పు కాదు.

"అయితే మిట్టచేనికే," అన్నాడు ఓబులప్ప.

"సోమారం దాకా గడువిచ్చినావు కదా మామా."

"సోమారానికి చేను కురచ అవుతాదా తల్లీ?"

ఆదివారం భవ్యను చూసుకోనంది ఆదెమ్మ. దగ్గే బిడ్డను వదిలేసి బలపం పట్టుకుని పోయేది తల్లేనా అని వాకిట్లో పోయేవాళ్ళందరికీ వినపడేటట్టు అడిగింది. అమరావతి బిడ్డకు కషాయం తాగించి, తలకు గుడ్డ చుట్టి, వెంట తీసుకుపోయింది. పుంగనూరులో మారి మదనపల్లె బస్సు ఎక్కింది. దారి పొడుగునా బిడ్డ ఛాతీకి చెవి ఆనించి ఊపిరి విన్నది. తీసుకురాకపోతే ఒక తప్పు, తెచ్చినందుకు ఒక తప్పు. పిల్లికూతలేమీ లేవు. ఉన్నట్టే అనిపించి మళ్ళీ విన్నది.

క్లాసు గదిలో పాతిక మంది ఉన్నారు. ఎక్కువమంది ఆటో తోలేవాళ్ళు, కుట్టుపని చేసేవాళ్ళు. లెక్కల శోభారాణి మేడం వాళ్ళ మీద కోపంగానే గదిలోకి వస్తుంది, కోపంగానే పోతుంది. భవ్య దగ్గగానే బోర్డు దగ్గరి నుంచి తిరిగింది.

"ఇదేమన్నా అంగన్‌వాడీనా? వెనక బెంచీకి పో. అది ఇంకోసారి దగ్గితే బయటికి పో."

వెనక బెంచీలో బిడ్డ చేతికి పాత గ్రాఫు కాయితం, పెన్సిలు ఇచ్చింది. మేడం బోర్డు మీద గళ్ళు గీసి మూడు బిందువులు పెట్టింది. ఏ: ఒకటి, ఒకటి. బి: నాలుగు, ఒకటి. సి: నాలుగు, ఐదు. కలిపితే లంబకోణ త్రిభుజం. కర్ణం ఏసీ పొడవు కనుక్కోమంది.

అమరావతి గబగబా గీసింది. కింది భుజం మీద వేలు పెట్టి చుక్కలు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నిలువు భుజం మీద ఐదు. పదహారూ ఇరవై ఐదూ నలభై ఒకటి. వర్గమూలం తెగలేదు. ఆరు తక్కువ, ఏడు ఎక్కువ. మళ్ళీ చుక్కలు లెక్కపెట్టింది. నాలుగు, ఐదు. వాకిట్లో ముగ్గు పెట్టేటప్పుడు వేలు ఎలా చుక్క నుంచి చుక్కకు పోతుందో అలాగే పోతోంది.

మేడం ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో తెలియదు. పుస్తకం చేతిలో నుంచి లాగేసుకుంది.

"నలభై ఒకటి! యాడిది తల్లీ ఈ నలభై ఒకటి?"

"నాలుగు, ఐదు మేడం..."

"యాడుంది నాలుగు? చూపించు."

అమరావతి వేలు పెట్టి లెక్కపెట్టింది. గది గదంతా చూస్తోంది. నాలుగు అనేటప్పటికి మేడం ఆమె వేలిని చాక్‌పీసుతో కొట్టి ఆపింది.

"ముగ్గేస్తాండావా ఈడ?" ముందు బెంచీల్లో ఎవరో పక్కున నవ్వారు. "చుక్కలు కాదమ్మా లెక్కబెట్టేది, చుక్కకీ చుక్కకీ నడుమ గడి. ఒకటి మీద నిలబడి ఉండావు. అప్పటికి ఎంత దూరం నడిచినావు? చెప్పు, నోరు లేదా?"

"నడవలేదు మేడం."

"నడవంది ఎట్ల లెక్కలోకి వస్తాది? ఒకటి నుంచి నాలుక్కి పోవాలంటే మూడే గళ్ళు. నాలుగులో ఒకటి తీసెయ్యి అని నెల నుంచి మొత్తుకుంటాండా. మొదటి చుక్క సున్న. రాసుకో పెద్దక్షరాలతో. ఇట్లాంటోళ్ళని నాకు పంపిస్తారు, ఫలితాలు రాలేదని మల్ల నన్ను అడగతారు."

పుస్తకం బెంచీ మీదికి విసిరి ముందుకు పోయింది. అమరావతి చెవులు మండుతున్నాయి. తల వంచుకుని రాసింది. మూడు, నాలుగు. తొమ్మిదీ పదహారూ ఇరవై ఐదు. ఐదు.

ఎక్కడా మిగలకుండా ఐదు.

ఆ ఐదు వైపు చూస్తుంటే నవ్వులు వినిపించడం ఆగిపోయింది. వేలి కొస మీద చాక్‌పీసు తెల్లగా అంటుకుని ఉంది. నిన్న అదే వేలికి తుప్పు అంటింది. బోరు దగ్గరి రాయిని తాకి ఒకటి అన్నప్పుడు తను ఎంత దూరం నడిచింది? రాయికి పది అడుగులు కట్టింది. నడవని పది అడుగులు. మూల రాయి దగ్గర మళ్ళీ ఒకటి అంది. మళ్ళీ పది.

బిడ్డకిచ్చిన కాయితం శనివారపు లెక్కదే; దాని మీద భవ్య పెన్సిలుతో సున్నలు చుట్టి పెట్టింది. దాని పక్కన మిగిలిన ఇంత చోటులో అమరావతి ముప్పై, నలభై రాసింది. మూడువందలు, నాలుగువందలు. తొంభై వేలూ లక్షా అరవై వేలూ రెండు లక్షల యాభై వేలు. ఐదువందలను ఐదువందలతో గుణిస్తే సరిగ్గా అంతే.

పెన్ను పక్కన పెట్టేసింది. ఇంత శుభ్రంగా వచ్చిందంటే ఎక్కడో తప్పు చేసి ఉంటుంది. తన చేతికి ఏదీ ఇంత శుభ్రంగా రాదు. బస్సులో పుంగనూరు వచ్చే దాకా మూడుసార్లు మళ్ళీ చేసింది. మూడుసార్లూ ఐదువందలే వచ్చింది. భవ్య ఒళ్ళో నిద్రపోతోంది. ఒళ్ళు చల్లగా ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే ఏదో ఒకటి చేసి పొద్దునకల్లా ఇంకో బెత్తెడు పుట్టిస్తారు.

సోమవారం ఆరున్నరకు జేసీబీ వచ్చింది. నడిపే కుర్రవాడి పేరు అరుణ్, కలికిరి వాడు. అమరావతి బిడ్డను చంకనేసుకుని పొలం చేరేటప్పటికి మునిశేఖర్ అప్పటికే బండిని బోరు దాటించి మిట్టచేను వైపు తిప్పించాడు. తొట్టి పళ్ళు నేల మీద ఆనబోతున్నాయి.

ఆమె పోయి తొట్టి ముందు నిలబడింది.

అరుణ్ ఇంజను తగ్గించి తల బయటపెట్టాడు. "ఓయమ్మా, బిడ్డనెత్తుకోని ఆడ యాల నిలబడినావు? పక్కకి రా తల్లీ!"

"మామా," అంది ఆమె, బోరు గట్టు మీద నిలబడిన ఓబులప్పతో. "ఐదునూర్లే. జాయింట్లు, మెడ పోనూ ఏడడుగులు మిగలతాది."

మునిశేఖర్ జేసీబీ వాడితో మాట్లాడాడు. "ఇన్యావా అరుణూ? మొన్న ఐదునూర్ల పద్నాలుగు, ఈపొద్దు ఐదునూర్లు. రేపు పొద్దునకి నాలుగునూర్లవుతాది. ఉతికితే గుంజుకుపోయే గుడ్డ ఇది, చేను కాదు. కానియ్యి, తవ్వు."

అరుణ్ నవ్వాడు. ఓబులప్ప నవ్వలేదు, అలాగని ఆపమనీ అనలేదు.

"పద్నాలుగు అడుగులు యాడికి పోయినాయి?" అన్నాడు.

"పోలేదు మామా. లేనే లేవు. ఈడికి రా, ఒక్కసారి రా."

ముసలాయన కట్టె ఊతంగా బోరు దగ్గరి రాయి దాకా వచ్చాడు. ఆమె ఆయన చేతిని ఎప్పుడూ తాకింది లేదు. రాయిని మాత్రం చూపించింది.

"దీని మీద చెయ్యి పెట్టు. ఇప్పుటికి ఎంత నడిచినావు?"

"ఇంగా నడవందే."

"మరి ఈ రాయికి పదడుగులు యాల కడతాండాం?"

ఓబులప్ప పక్క రాయి వైపు చూశాడు. నడిచి దాని మీద చెయ్యి పెట్టాడు. వెనక్కి తిరిగి మొదటి రాయిని చూశాడు. "పది," అన్నాడు. మూడో రాయికి పోయి "ఇరవై," అన్నాడు. నాలుగోదాని నుంచి పైకి అనడం మానేశాడు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

"నాయినా, బండి ఊరకే నిలబడుండాది!" అని మునిశేఖర్ అరిచాడు. ఆయన వినలేదు. ఈ రాళ్ళన్నీ ఆయన పాతించినవే. వాటిలో ఒకటి కొంచెం వాలి ఉంటే దాన్ని తట్టి, నిలబడి, ఎంతవరకు వచ్చాడో గుర్తు తెచ్చుకుని మళ్ళీ నడిచాడు. అమరావతి నాలుగు అడుగులు వెనకగా, బిడ్డ వీపు నిమురుతూ నడిచింది. మూల రాయి దగ్గర ఆయన ఆగి చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"మూడునూర్లు," అన్నాడు. ఇంకో వరసను నడవలేదు. అటు చూసి, "అది నాలుగునూర్లు," అన్నాడు. తర్వాత ఎవరితోనూ కానట్టు, "పదడుగులకొక రాయి పాతిన చేయి ఇది. ఎన్ని చేన్లకి ఇట్లే తప్పు లెక్క చెప్పినానో," అన్నాడు.

మునిశేఖర్ అక్కడికి వచ్చాడు. ముఖం ఎర్రబడింది. "అయితే? ఏటవాలుది ఐదునూర్లేనని ఎవురు జూసినారు? సొప్పలో దూరి చూసినారా?"

"కోస్తే కనపడతాది," అన్నాడు ఓబులప్ప. "కొయ్యండి సొప్ప. మూలకి మూల."

"నేను కొయ్యను."

"నువ్వు కొయ్యొద్దు."

కొడవలి అమరావతి తెచ్చుకుంది. నిలువెత్తు సొప్పలో నాలుగు అడుగులు పోయేసరికి ఏ మూలా కనపడలేదు. అరుణ్ బండి సీటు మీద నిలబడి రెండు మూలలూ చూసి చెయ్యి ఊపుతున్నాడు. "ఎడంకి! ఇంగా ఎడంకమ్మా! ఆఁ, నేరుగా రా." ఆకు అంచులు మోచేతుల మీద గీరాయి. గట్టు మీద తువ్వాల పరిచి కూర్చోబెట్టిన భవ్య వైపు మోపు మోపుకూ తల తిప్పి చూసుకుంది. కొంతసేపటికి ఆదెమ్మ వచ్చింది. కోడలితో ఒక్క మాట మాట్లాడకుండా, కోసిన సొప్పను ఆవులకు మోయడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి దారి పడింది. దాని వెంట కాలవ పడింది. అమరావతి పైపులను ఒక్కొక్కటిగా లాక్కొచ్చి కాలవ పక్కన వరసగా పెట్టింది. అతికించడం మునిశేఖర్‌కు తప్ప అక్కడ ఎవరికీ రాదు. తండ్రి గట్టు మీద కూర్చుని చూస్తుంటే, అతను జిగురు డబ్బా తీసుకుని కాలవలోకి దిగాడు.

మొదటి జాయింటుకు జిగురు పూసి దూర్చాడు. బెత్తెడు పోయింది. చెక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టాడు. ఇంకో రెండు అంగుళాలు పోయింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. సుత్తి దెబ్బ పడినప్పుడల్లా అమరావతి మనసులో లెక్కగట్టింది. జాయింటుకు రెండు అంగుళాలు, ఇరవై ఐదుకు యాభై అంగుళాలు. నాలుగు అడుగుల పైన. ఏడులో నాలుగు పోతే? మూడు దగ్గర ఆగుతుందా? ఇంకా గట్టిగా కొడితే? అడగాలనుకుంది. అడిగితే ఇంకా గట్టిగా కొడతాడు. పైపు కొస పట్టుకుని కదలకుండా నిలబెట్టింది. ఆమె పట్టుకున్న కొస మీదే అతను కొట్టాడు. అదురు భుజం దాకా వచ్చింది. చెయ్యి తియ్యలేదు.

పొద్దు వాలుతుండగా ఇరవై ఆరో పైపు దూరింది. దాని కొస కంచె కింద నుంచి దిగువ కయ్యలోకి బయటపడింది. రాయి దాటి, ఒక గజం.

అరుణ్ "అబ్బా," అన్నాడు బండి మీద నుంచి. మునిశేఖర్ అటు చూడగానే మూతి తుడుచుకున్నాడు.

మునిశేఖర్ రంపం తెచ్చి ఆ మిగిలిన గజం ముక్కను కోశాడు. కోసి కయ్యలోకి, అమరావతి నిలబడిన వైపు విసిరాడు.

"మా, అదీ ఆమె లెక్కేనని చెప్పు. ఎత్తి పెట్టుకోమను."

ఆదెమ్మ ఆ మాట మోయలేదు. సొప్ప మోపు తలకెత్తుకుని ఇంటిదారి పట్టింది.

బుధవారానికి నారు నేలలో పడింది. సగం మొక్కలు వంగిపోయే ఉన్నాయి. వేర్లు పట్టుకునే దాకా వీటికి నమ్మకం లేదు. అమరావతి వరస చివర కూర్చుని ఒక్కో మొక్క మొదట్లో మట్టి అదుముతోంది. మహేష్ ఫోన్ చేసి అన్న ఏమన్నాడని అడిగాడు. ఏమీ అనలేదని చెప్పింది. అది నిజమే. సోమవారం నుంచి మునిశేఖర్ ఆవుతో కూడా ఆమె గురించి మాట్లాడలేదు. భవ్యకు దగ్గు తగ్గింది. తగ్గిందో, మట్టిలో ఆడుతూ దగ్గడం మరిచిపోయిందో.

నడుము నొప్పికి లేచి నిలబడినప్పుడు, సొప్ప నడుమ కోసిన ఆ దారి గుండా మిట్టచేను దాకా కనిపించింది. అక్కడ మునిశేఖర్ ఒక్కడే ఉన్నాడు. మిట్టచేనికి ఎన్ని పైపులు కొనాలో చూసుకుంటున్నట్టున్నాడు. కంచె మొదటి రాయి దగ్గర నిలబడి దాని నెత్తిన చెయ్యి పెట్టాడు. చుట్టూ చూశాడు. ఏమీ అనలేదు. చెయ్యి తీసి, నడిచి, రెండో రాయిని తాకాడు.

"ఒగటి," అన్నాడు.